ముందు ఆలోచనా, ముందు మెటీరియలా?

మీ ప్రశ్నని నేను అర్థం చేసుకున్నది ఇలా. "జ్ఞాపకం మెల్లగా చెరిగిపోవడం" అనే ఆలోచనతో ఆక్రిలిక్‌లో ఒక సిరీస్ మొదలుపెట్టారు. నోట్‌బుక్‌లో బ్రహ్మాండంగా అనిపించింది, కాన్వాస్ మీదకొచ్చేసరికి పోస్టర్‌లా తయారైంది. ఒక టీచరేమో కాన్సెప్ట్ గట్టిగా లేదన్నారు. ఇంకొకరేమో కాన్సెప్ట్ పక్కన పెట్టి మెటీరియల్‌తో ఆడుకో, దారి అదే చూపిస్తుందన్నారు. ఎవరి మాట వినాలి, ఆఖర్న ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్‌లో, అంటే పని గురించి ఆర్టిస్ట్ రాసిచ్చే చిన్న వివరణలో, ఏం రాయాలి అని అడిగారు.

నేను ప్రింట్‌మేకింగ్ (ప్లేటు మీద బొమ్మ చేసి, ఇంక్ పూసి, కాగితం మీద అచ్చు తీయడం), పెయింటింగ్ రెండూ చేస్తాను, చాలాకాలం నేర్పాను కూడా. ఈ వాదన ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది, ఎప్పుడూ తేలదు. తేలకపోవడానికి కారణం, ఇద్దరూ "ఏది ముందు" అనే దగ్గరే ఆగిపోవడం. నన్నడిగితే చూడాల్సింది వేరే ఉంది: మీరు పట్టుకున్న పద్ధతి మీ చేత ఏ నిర్ణయాన్ని ఎప్పుడు తీయిస్తోంది? ప్రతి పద్ధతికీ ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది. ఒకటి అన్నీ మొదటిరోజే తేల్చుకోమంటుంది. ఇంకొకటి చివరిదాకా నానబెట్టనిస్తుంది. మరొకటి ఒక్కో మెట్టు దగ్గర ఆపి, ఇప్పటిదాకా చేసింది చూసుకుని అప్పుడు చెప్పమంటుంది. మీ ఆలోచన ఎటు తిరుగుతుందన్నది చాలావరకు ఈ టైమ్‌టేబుల్ మీదే ఆధారపడి ఉంటుంది.

దాదాపు ఒకే సమయంలో జరిగిన రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడండి. 1508లో మైకెలాంజెలో రోమ్‌లో సిస్టీన్ చాపెల్ పైకప్పు మొదలుపెట్టాడు. అటూ ఇటూగా అదే కాలంలో వెనిస్‌లో జార్జోనె "ది టెంపెస్ట్" అనే చిన్న ఆయిల్ పెయింటింగ్ వేశాడు. మొదటిది ఫ్రెస్కో. తడి సున్నపు గార మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తారు, ఆ రంగులో జిగురేమీ ఉండదు. గారలోని సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా, అంటే మళ్లీ రాయిగా మారుతుంది. రంగు రేణువులు ఆ రాయిలోనే చిక్కుకుని నిలిచిపోతాయి. రంగు వేయడమంతా గార తడి ఆరేలోపే జరగాలి. కాబట్టి పొద్దున ఎంత మేర గార పూస్తే ఆ రోజే అంత మేరా బొమ్మ అయిపోవాలి. మర్నాడు నచ్చకపోతే సుత్తీ ఉలీ తీసుకుని గార చెక్కేసి మళ్లీ పూయడమే. అందుకే కంపొజిషన్ అంతా ముందే పెద్ద కాగితాల మీద పూర్తి సైజులో గీసుకుని, అక్కడి నుంచి గోడకి దింపుకుంటారు. ఏ చెయ్యి ఎక్కడ, ఏ ముఖం ఎటు అన్నవి రంగు ముట్టుకోకముందే తేలిపోయిన విషయాలు.

జార్జోనె చేతిలో ఉన్నది నూనె రంగు. అవిసె నూనె ఆరడమంటే నీరులా ఆవిరైపోవడం కాదు, ఆక్సిజన్‌ని పీల్చుకుని మెల్లగా గట్టిపడటం. రోజులు పడుతుంది. ఈలోగా తుడవచ్చు, గీకవచ్చు, ఆరాక పైన ఇంకోటి వేయవచ్చు. టెంపెస్ట్‌లో ఎడమ పక్కన ఒక మగమనిషి నిలబడి ఉంటాడు. ఎక్స్‌రే తీస్తే సరిగ్గా ఆ చోట, రంగు కింద, కూర్చున్న ఒక నగ్నస్త్రీ బయటపడింది. అంటే బొమ్మలో ఉన్న ఇద్దరు ముఖ్యమైన మనుషుల్లో ఒకరు ఎవరన్నది వేస్తూ వేస్తూ మారిపోయింది! ఆ బొమ్మకి అర్థమేంటని పండితులు ఈనాటికీ కొట్టుకుంటున్నారు. నా అనుమానమల్లా ఒకటే. ముందే ఒక కథ రాసిపెట్టుకుని, దాన్ని రంగుల్లోకి దించిన బొమ్మ అయితే ఈ తంటా ఉండేది కాదు. వాయిదా వేయనిచ్చే రంగు చేతిలో ఉండబట్టే అలాంటి బొమ్మ పుట్టింది.

ఫ్రెస్కోలో ఆలోచన మారదా అంటే మారుతుంది, కాకపోతే ఇంకో చోట మారుతుంది. సిస్టీన్ పైకప్పులో నోవహు కథలు ముందు వేశాడు. జలప్రళయం దృశ్యం చూడండి, చిన్న చిన్న మనుషులు, గుంపులు గుంపులుగా. సగం పనయ్యాక పరంజా విప్పి, అవతలి సగానికి మార్చారు. అప్పుడే అంత ఎత్తున వేసింది కింద నేల మీద నుంచి ఎలా ఉందో పూర్తిగా చూసే వీలు చిక్కింది. ఆ తర్వాత వేసిన సృష్టి దృశ్యాల్లో మనుషులు తక్కువ, ఒక్కొక్కరూ పెద్ద, చుట్టూ బోలెడంత ఖాళీ. ఆదాము వేలికీ దేవుడి వేలికీ మధ్య అందరికీ తెలిసిన ఆ ఖాళీ వచ్చింది ఈ రెండో సగంలోనే. వేసిన ముక్కని దిద్దుకోనివ్వని పద్ధతి కాబట్టి, నేర్చుకున్నదంతా తర్వాతి ముక్కలో పెట్టాల్సి వచ్చింది.

ఈ తేడా బాగా తెలిసి, దాన్ని తప్పించుకోబోయినవాడు లియొనార్డో. "లాస్ట్ సప్పర్" గోడ మీద వేయాల్సిన బొమ్మ. ఆయనకి ఫ్రెస్కో తొందర గిట్టదు, నీడల్ని పొరలు పొరలుగా మెత్తబరుచుకుంటూ, రోజుల తరబడి ఆలోచించి దిద్దుకునే మనిషి. అందుకని పొడి గోడ మీద టెంపెరా (గుడ్డుసొన లాంటి జిగురు కలిపిన రంగు), నూనె కలిపి వేశాడు. 1498 ప్రాంతంలో పూర్తయింది, ఇరవై ఏళ్లు తిరక్కముందే పెచ్చులూడటం మొదలైంది. 1978లో మొదలైన చివరి పెద్ద మరమ్మతు 1999 దాకా సాగింది. దీన్ని లియొనార్డో అజాగ్రత్త అని చెబుతుంటారు గానీ నాకు అలా అనిపించదు. ఆయనకి కావలసిన ఆలోచనా విధానానికి నూనె టైమ్‌టేబుల్ కావాలి, గోడేమో సున్నం టైమ్‌టేబుల్ ఇస్తానంటుంది. ఆయన తన ఆలోచన వైపు నిలబడ్డాడు, గోడ ఒప్పుకోలేదు. ఆ పన్నెండుమంది ముఖాల్లో కనిపించే సూక్ష్మమైన తేడాలు రోజుకో ముక్క చొప్పున వేసి ఉంటే వచ్చేవా అంటే, నేను రావనే అంటాను.

ఇప్పుడు నా సొంత పని, ప్రింట్. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీ సిరీస్‌కి దీనితోనే సంబంధం ఉందని అనుకుంటున్నాను.

డ్రైపాయింట్ అని ఒక పద్ధతి ఉంది. ఆసిడ్ ఉండదు, మైనం పూత ఉండదు. రాగి ప్లేటు మీద గట్టి ఉక్కు సూదితో నేరుగా గీస్తారు. పొలంలో నాగలి చాలుకి ఇరువైపులా మట్టి లేచినట్టే, సూది వెళ్లిన దారికి అంచుల్లో రాగి లేస్తుంది. ఆ లేచిన అంచుని బర్ అంటాం. వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది, సూదిని ఒక పక్కకి వంచి గీస్తే ఒక పక్కే ఎక్కువ లేస్తుంది. ఇంక్ పూసి గుడ్డతో తుడిచినప్పుడు గీత లోపలే కాదు, ఈ అంచుల పంచన కూడా ఇంక్ ఆగుతుంది. అందుకే డ్రైపాయింట్ గీత మఖ్మల్‌లా, అంచులు మసకబారి ఉంటుంది. ఆసిడ్‌తో గీతని కొరికించే ఎచింగ్‌లో ఆ గుణం రాదు. ఇందులో ఒక చిక్కుంది. ప్రెస్ రోలర్ కింద నుంచి వెళ్లిన ప్రతిసారీ ఆ అంచు కొంచెం అణిగిపోతుంది. పదీ ఇరవై ప్రింట్లు తీసేసరికి మఖ్మల్ పోయి, సన్నటి పొడి గీత మిగులుతుంది. ప్లేటుకి ఉక్కు పూత పూయించి ఆయుష్షు పెంచేవాళ్లున్నారు, అది వేరే సంగతి.

రెంబ్రాంట్ 1653లో "త్రీ క్రాసెస్" అనే పెద్ద డ్రైపాయింట్ చేశాడు. మొదటి ప్రింట్లలో శిలువ చుట్టూ పెద్ద జనం, ఆకాశం నుంచి పడే వెలుగు, ఎవరెవరో గుర్తుపట్టవచ్చు. ప్రింట్లు తీసేకొద్దీ అంచులు అణిగి ప్లేటు పలచబడింది. కొన్నేళ్లకి దాన్నే మళ్లీ తీసుకుని, చాలామంది మనుషుల్ని గీకి పారేసి, కొత్త మనుషుల్ని పెట్టి, పై నుంచి కిందికి దట్టమైన నల్లటి గీతలు లాగేశాడు. నాలుగో దశ అనే ఆ ప్రింట్‌ని మొదటిదాని పక్కన పెడితే రెండూ ఒకే ప్లేటు అని నమ్మబుద్ధి కాదు. మొదటిది జరిగిన ఘటనని చూపిస్తుంది. నాలుగోదాంట్లో చీకటి మీద పడుతుంది, ఎవరెవరో కనిపించరు. రాగిని గీకినా కింద ఉన్నది పూర్తిగా పోదు, పాత మనుషుల నీడలు అక్కడక్కడా మిగిలే ఉంటాయి. నాలుగో దశ ఆలోచన 1653లోనే రెంబ్రాంట్ తలలో ఉందని నేను అనుకోను. అరిగిపోయిన ప్లేటు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే ఆలోచన అది. కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. అరిగిన ప్లేట్లు ఆ కాలంలో ఎంతోమంది దగ్గర ఉన్నాయి, వాళ్లు ఏం చేశారు? గీతల్ని మళ్లీ లోతు చేసి, పాత బొమ్మనే మళ్లీ అమ్ముకున్నారు. "మెటీరియల్ దారి చూపిస్తుంది" అనే మాట మీద నాకు అంత నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. రాగికి దారులేం తెలియవు. అది అరుగుతుంది, అంతే. ఆ అరుగుదలలో పనికొచ్చేది ఉందని చూసేది మనిషే.

మన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారి పని ఈ విషయంలో ఎంత చెప్పుకున్నా తక్కువే. శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ వెళ్లి, హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపే అటెలియె 17 అనే ప్రింట్ వర్క్‌షాప్‌లో చేరారు. మనిషి శిక్షణరీత్యా శిల్పి కూడా. అప్పటిదాకా మెటల్ ప్లేటుతో రంగుల ప్రింట్ అంటే మామూలుగా రంగుకో ప్లేటు చేసుకోవాలి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి ప్రెస్‌లో పెట్టాలి. బొమ్మ ముందు నలుపులో తయారవుతుంది, రంగు తర్వాత వచ్చి చేరుతుంది. కృష్ణారెడ్డి, అక్కడే పనిచేసిన ఇంకో భారతీయ ఆర్టిస్ట్ కైకో మోతీ, హేటర్ కలిసి రూపుదిద్దిన విస్కాసిటీ (ఇంక్ చిక్కదనం) పద్ధతిలో ప్లేటు ఒక్కటే. దాన్ని వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. పై మట్టం మీద గట్టి రోలర్‌తో నూనె ఎక్కువ కలిపిన పలచటి ఇంక్ ఎక్కిస్తారు. తర్వాత మెత్తటి రోలర్‌తో నూనె తక్కువున్న చిక్కటి ఇంక్ దొర్లిస్తారు. మెత్తటి రోలర్ నొక్కుకుని పల్లాల్లోకి దిగి అక్కడ రంగు వదులుతుంది, పై మట్టం మీద ఉన్న నూనె పొర మాత్రం ఆ చిక్కటి ఇంక్‌ని అంటనివ్వదు. రెండు మూడు రంగులు కలిసిపోకుండా ఒకే ప్లేటు మీద కూర్చుంటాయి, ఒక్కసారి ప్రెస్‌లో పెడితే అన్నీ కాగితం మీదకి వచ్చేస్తాయి.

దీనివల్ల ఆలోచనకి ఏమైందో చూడండి. ఇక్కడ రంగుని ఎంచుకోవడమంటే లోతుని ఎంచుకోవడమే. ఉలి రెండు తలవెంట్రుకల మందం ఎక్కువ దిగితే అక్కడ రంగు మారిపోతుంది. శిల్పి బుర్ర ఉన్నవాడికి ఇది సొంత భాష. ఆయన ప్లేట్లని విడిగా చూస్తే చిన్న చిన్న శిల్పాల్లాగే ఉంటాయి. ఆయన వేసిన విషయాలు గుర్తు చేసుకోండి: అల, సుడిగుండం, ఎగసిపడే నీళ్లు. అంచులు లేకుండా ఒకటి ఇంకోదానిలోకి జారే సంగతులే అన్నీ. గీత గీసి లోపల రంగు నింపే పద్ధతిలో సుడిగుండం వేస్తే, సుడిగుండం డిజైన్ వస్తుంది. ఇంక్‌లో ఇంకో నాలుగు చుక్కలు నూనె పడితే ఇంకో ప్రింట్ అయ్యే ఈ పద్ధతిలో ఆ కదలిక పనిలోనే ఉంటుంది. నీళ్ల మీద ఇష్టం వల్ల పద్ధతి దొరికిందా, పద్ధతి వల్ల నీళ్లు దొరికాయా అని అడిగితే విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదనుకుంటా.

బెంగాలీ ఆర్టిస్ట్ సోమ్‌నాథ్ హోర్ విషయం ఇంకోలా ఉంటుంది. 1943 బెంగాల్ కరువుని కళ్లారా చూసి, ఆ మనుషుల బొమ్మలు ఏళ్ల తరబడి గీసినవాడు, చెక్కినవాడు. 1970లలో "వూండ్స్" అనే తెల్లటి పల్ప్ ప్రింట్లు చేశాడు. ముందు మెత్తటి పలక మీద కోతలు, పొడుపులు పెట్టి, దాన్నుంచి అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు నొక్కి ఆరబెట్టాడు. రంగు లేదు, మనిషి లేడు. తెల్లటి కాగితం మీద చీలిక, ఉబ్బు, ఆ ఉబ్బు పక్కన పడే చిన్న నీడ, అంతే. గాయపడ్డ మనిషి బొమ్మని చూసినప్పుడు మనం ముందు ఆ మనిషిని చూస్తాం, ఎవరు, ఎక్కడ అని వెతుక్కుంటాం. ఇక్కడ వెతుక్కోవడానికి ఏమీ లేదు, చర్మం లాంటి కాగితం ఉంది, అది తెగి ఉంది. సబ్జెక్ట్ పాతదే, కత్తి దిగే మెత్తటి పలక చేతిలోకి వచ్చాక బొమ్మ అవసరమే లేకుండా పోయింది.

శిల్పం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. గ్రీకు కంచు విగ్రహాలకి రోమన్లు పాలరాతిలో తీసిన నకళ్లలో కాలి పక్కన ఊరికే ఒక చెట్టు మోడు ఉంటుంది. అడవిని చూపించడానికి పెట్టింది కాదది. లోపల బోలుగా ఉండే కంచుకి లాగుడు బలం ఎక్కువ, రెండు చీలమండల మీద ఒళ్లంతా నిలబెట్టి చేతులు బారచాపించవచ్చు. పాలరాయి బరువు, పైగా వంచితే విరిగే రకం. ఆ మోడు లేకపోతే కాలు పుటుక్కుమంటుంది. మైకెలాంజెలో డేవిడ్ కుడికాలి వెనక కూడా చిన్న మోడు ఉంది. ఆ రాయి 1464లో ఇంకొకరు చెక్కడం మొదలుపెట్టి వదిలేసినది, 1501లో ఈయన చేతికొచ్చింది. మందం తక్కువ, అప్పటికే కొంత చెక్కేసి ఉంది. ఆ మనిషి ఒళ్లు అంత వెడల్పుగా, లోతు తక్కువగా ఎందుకు నిలబడిందో పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నవాడు ఫ్రెంచి శిల్పి రోడిన్. బంకమట్టిలో చేసినదానికి ప్లాస్టర్ అచ్చులు తీసి దాచుకునేవాడు, చేతులు, కాళ్లు, మొండేలు అన్నీ. కావాలంటే ఒకదానికి ఒకటి అతికించేవాడు. "త్రీ షేడ్స్"లో ఉన్న ముగ్గురూ ఒకే బొమ్మ, మూడుసార్లు పోత పోసి మూడు వైపులకి తిప్పి పెట్టాడు. రాయి చెక్కేవాడికి ఈ ఆలోచన రమ్మన్నా రాదు.

పెయింటింగ్‌లో ఇంకో ఉదాహరణ చెప్పి మీ దగ్గరికి వస్తాను. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ ఎక్కువగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమయ్యాడు. సహాయకులు కాగితాలకి గ్వాష్ అనే దట్టమైన నీటి రంగు పూసి ఇచ్చేవాళ్లు, ఆయన కత్తెరతో కత్తిరించేవాడు, వాళ్లు ఆ ముక్కల్ని గోడకి పిన్నులతో గుచ్చేవాళ్లు. మామూలుగా పెయింటింగ్‌లో ముందు గీత, తర్వాత రంగు. ఇక్కడ కత్తెర కదిలిన క్షణంలో రంగూ ఆకారమూ రెండూ ఒకేసారి ఖాయమైపోతాయి, దిద్దడానికి లేదు. కానీ ఆ ముక్క ఎక్కడుండాలన్నది పిన్ను తీసి గుచ్చినంత తేలిక, నెలల తరబడి మార్చుకోవచ్చు. మామూలు టైమ్‌టేబుల్ తలకిందులైంది. ఆ కత్తిరించిన కాగితాల బొమ్మల్లో (కటౌట్లు అంటారు) ఆకారం తెగించినట్టుండి, కంపొజిషన్ మాత్రం తూచినట్టుండటానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

సరే, మీ సిరీస్. మెటీరియల్ ఎంచుకునేటప్పుడు "నా ఆలోచనకి ఏది సూట్ అవుతుంది" అని చూడకండి, ఆ ప్రశ్నకి దొరికే జవాబులన్నీ పైపైనే ఉంటాయి. నా ఆలోచనలో నాకు ఖాయంగా తెలిసింది ఏది, తెలియనిది ఏది అని చూసుకోండి. తెలిసినదాన్ని ముందే అడిగి, తెలియనిదాన్ని ఆలస్యంగా అడిగే పద్ధతి తీసుకోండి. వెలుగు ఎక్కడుండాలో తెలిసి, మిగతాది తెలియకపోతే వాటర్ కలర్ పట్టుకోవచ్చు. అందులో కాగితమే తెలుపు, దాన్ని మొదటే కాపాడుకోవాలి, మిగతాది నీళ్లతో పాటు తేల్చుకోవచ్చు. ఆకారాలు తెలిసి, టోన్ (ఎక్కడ ఎంత చీకటి, ఎంత వెలుగు) తెలియకపోతే ఎచింగ్, దానితో పాటు ఆసిడ్‌తోనే టోన్ ఇచ్చే ఆక్వాటింట్ మంచివి. గీత ముందు కొరికించి, ప్రింట్ తీసి చూసుకుని, చీకటి ఎంత కావాలో మెట్టు మెట్టుగా ఆసిడ్‌లో పెంచుకోవచ్చు. రిడక్షన్ లినో (లినోలియం ముక్క చెక్కి ప్రింట్ తీయడం) లాంటివి మాత్రం అన్నీ తెలిసినవాళ్లకే. ఒకే ముక్కని ఒక్కో రంగుకీ ఇంకొంచెం చెక్కుకుంటూ పోతారు కాబట్టి ఎన్ని కాపీలు కావాలన్నది కూడా మొదటిరోజే తేలాలి. ఏమీ తెలియదు, ఒక ఊహ మాత్రం పీకుతోంది అంటే బొగ్గు, బంకమట్టి.

మీకు తెలిసింది విషయం. తెలియనిది బొమ్మ. ఆక్రిలిక్ ఏం చేస్తుందో చూడండి. అందులోని నీళ్లు నిమిషాల్లో ఆవిరై, ప్లాస్టిక్ పొర మిగులుతుంది. ఒకసారి ఆరాక నీళ్లకి కరగదు. కింద ఉన్నదాన్ని కదపలేరు, పైన ఇంకో పొర వేయగలరు, అంతే. అంటే చెరిగిపోవడాన్ని చూపించాలంటే మీరు ముఖం శుభ్రంగా వేసి, దాని మీద తెలుపు కప్పాలి. చెరిపినట్టు కనిపించేలా వేయాలి! మీరు పంపిన వివరంలో "ముఖం సగం తెల్లటి పొగలో కలిసిపోతుంది" అని ఉంది కదా, అది పోస్టర్‌లా అనిపించడానికి ఇదే కారణం. మీ ఆలోచన బలహీనంగా ఏమీ లేదు. అది తర్వాత చేయాల్సిన పనేమీ మిగలకుండా ముందే పూర్తైపోయింది, మీరు దాన్ని కాపీ తీస్తున్నారు.

బొగ్గు తీసుకుంటే, గీసింది గుడ్డతో దులిపినా కాగితం నారలో బూడిదరంగు మరక ఉండిపోతుంది. దక్షిణాఫ్రికా ఆర్టిస్ట్ విలియం కెంట్రిడ్జ్ బొగ్గు యానిమేషన్లు ఈ గుణం మీదే నడుస్తాయి. ఒకే కాగితం మీద గీయడం, ఫొటో తీయడం, చెరపడం, మళ్లీ గీయడం. కదిలిన ప్రతి వస్తువూ తన వెనక మసక జాడ వదిలి వెళ్తుంది. మీ సబ్జెక్ట్‌కి బొగ్గు సరిగ్గా సరిపోతుందని మీకు వెంటనే అనిపిస్తుంది. ఇక్కడే ఒక హెచ్చరిక. "చెరిగిపోయే జ్ఞాపకం కాబట్టి చెరిగిపోయే బొగ్గు" అన్నది కూడా పోస్టరే, మెటీరియల్‌తో రాసిన పోస్టర్. ఎగ్జిబిషన్లలో ఇలాంటివి కుప్పలు తెప్పలు: యుద్ధం గురించి కాబట్టి తుప్పుపట్టిన ఇనుము, అమ్మ గురించి కాబట్టి పాత చీర. మెటీరియల్ అర్థాన్ని వాడుకున్నారు గానీ దాని పనితనం జోలికి పోలేదు. బొగ్గు తీసుకోండి, కానీ చెరపడాన్ని సింబల్‌గా వాడకండి. తప్పు గీతని దిద్దుకోవడానికి వాడండి. ఒక మనిషి ముఖాన్ని ఫొటో చూడకుండా, గుర్తున్నంతవరకు గీయండి. తప్పనిపిస్తే చెరిపి మళ్లీ గీయండి. ఏది ఎన్నిసార్లు చెరపాల్సి వచ్చిందో కాగితం చూపిస్తుంది. ముక్కు మీకు గుర్తుందని, కళ్లు గుర్తులేవని అప్పుడు తెలుస్తుంది. నోట్‌బుక్‌లో ఉన్న ఆలోచనలో ఈ సంగతి లేదు, ఉండే అవకాశమూ లేదు.

ఇంకో రకం మోసం కూడా ఉంది, అది మెటీరియల్ ఆటలు ఆడమన్న టీచర్ వైపు నుంచి వస్తుంది. కొన్ని మెటీరియల్స్ ఊరికే అందంగా ఉంటాయి. తడి కాగితం మీద అల్ట్రామెరైన్ వేస్తే రేణువులు గుంతల్లోకి దిగి దానంతట అదే ముచ్చటైన గరుకుదనం వస్తుంది. పోరింగ్ (పలచటి రంగుల్ని నేరుగా పోసి పారించడం) చేస్తే ఎవరు చేసినా పాలపుంత వస్తుంది. అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ 1952లో "మౌంటెన్స్ అండ్ సీ"లో ప్రైమింగ్ (కింద పూత) లేని బట్ట మీద బాగా పలచన చేసిన నూనె రంగు పోసి ఇంకనిచ్చినప్పుడు, ఆ ఇంకడంలో దొరికిన మరకతో ఆమె గీత గీసింది, ఖాళీ వదిలింది, కొండలూ సముద్రమూ అన్న తూకాన్ని పట్టుకుంది. మరక అందంగా ఉందని ఆగిపోలేదు. మీకు నచ్చిన ఎఫెక్ట్ వచ్చినప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి: పక్కనున్న ఫ్రెండ్ అదే సీసాలోంచి అదే కాగితం మీద పోస్తే ఇదే వచ్చేదా? వచ్చేదైతే అది ఇంకా మీ పని కాలేదు.

డిజిటల్‌లో చేస్తే ఈ గొడవలుండవు కదా అనొద్దు. అక్కడ అన్‌డూ, లేయర్లు ఉండటం వల్ల ఏ నిర్ణయానికీ ఎప్పటికీ గడువు తీరదు, స్టూడెంట్లకి అదే పెద్ద టెన్షన్. నేను చెప్పేది ఒకటే, రోజు చివర లేయర్లన్నీ కలిపేసి ఒకే ఇమేజ్‌గా సేవ్ చేసి, పాత ఫైల్ తీసేయమని. కష్టంగా ఉంటుంది, కానీ పని చేస్తుంది.

స్టేట్‌మెంట్ సంగతి. చాలామంది "ఈ సిరీస్ ద్వారా జ్ఞాపకాల అశాశ్వతత్వాన్ని అన్వేషించాను" అని మొదలుపెడతారు. అది వేరే ఏ సిరీస్‌కైనా అతుకుతుంది. ఆలోచన ముందే పుట్టి, పని దాన్ని మోసుకొచ్చినట్టు నటించాల్సిన పని లేదు, జ్యూరీలో ఉండేవాళ్లలో చాలామంది పని చేసేవాళ్లే, వాళ్లకి తెలుస్తుంది. పనంతా అయ్యాక రాయండి, తీసుకున్న నిర్ణయాలు రాయండి. "ఒకే మనిషి ముఖాన్ని ఫొటో చూడకుండా గీశాను. ప్రతి కాగితం మీదా అంతకుముందు చెరిపిన ముఖాలు కింద ఉన్నాయి. కళ్లు ఎక్కువసార్లు మారాయి" అంటే చాలు. చదివినవాళ్లు బొమ్మ దగ్గరికి వెళ్లి కళ్లే చూస్తారు. మొదట్లో ఏమనుకున్నారో, అది ఎక్కడ మారిందో ఒక వాక్యంలో చెప్పినా తప్పు లేదు.

బొగ్గుతో కొన్నాళ్లు చేశాక మీ కాలేజీలో ప్రెస్ అందుబాటులో ఉంటే డ్రైపాయింట్ కూడా ప్రయత్నించండి. రాగి ఖరీదనుకుంటే ముందు ప్లాస్టిక్ షీట్ మీద చేయండి, అంచు ఇంకా త్వరగా అణుగుతుంది, మీకు ఈ సందర్భంలో అది ఇబ్బందేమీ కాదు. ప్రింట్లన్నిటికీ తీసిన వరుసలో పెన్సిల్‌తో నంబర్ వేసుకోండి, లేకపోతే ఏది ముందో ఏది వెనకో తర్వాత గుర్తుపట్టలేరు. ప్లేటు పలచబడటం కనిపించినప్పుడు ఆపేయాలా, రెంబ్రాంట్‌లా దాన్నే మళ్లీ గీకాలా అన్నది అప్పుడు చూసుకోవచ్చు. కాగితం మాత్రం నానబెట్టి, బ్లాటింగ్ పేపర్ మధ్య పెట్టి పైతడి తీసేశాకే వాడండి. పొడి కాగితానికి డ్రైపాయింట్ గీత సరిగ్గా ఎత్తుకోదు, ప్లేటు పాడైందనుకుని అనవసరంగా కంగారుపడతారు.